చిన్న చేతులు చేసే కాగితపు కానుకలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని కబురు వచ్చినప్పుడు ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాను. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, పోటీ పరీక్షల గురించి రాసేవాళ్లు ఎలాగూ ఉంటారు. నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. చిన్నపిల్లల చేత కాగితాలు మడత పెట్టించడం నాకు బాగా తెలిసిన పని. ఆ పని నాకు అలవాటైంది కూడా మన హాస్టల్లోనే. అందుకని దాని గురించే రాస్తున్నాను. తొమ్మిది, పది చదివే మీరు ఆదివారం మధ్యాహ్నం ఒక గంట తీరిక చేసుకుంటే, మూడు నాలుగు తరగతుల తమ్ముళ్లతో ఏమేం చేయించవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పిల్లవాడు, రెండు కార్డులు

1998 జూన్. నేను ఎనిమిదో తరగతి. ఆ ఏడాది మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్లవాడొకడు నా పక్కనే చాప వేసుకునేవాడు. వాళ్ల నాన్న ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు దించి వెళ్లిపోయిన రోజు నుంచీ వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. రాత్రి దుప్పటి ముసుగులో ఏడ్చేవాడు. కొత్తగా వచ్చిన రోజుల్లో మనలో అలా ఏడవనివాళ్లు ఎవరు?

ఒకరోజు వాన పడుతుంటే పాత నోటుపుస్తకంలో కాగితం చించి పడవ చేసి వాడి ముందు పెట్టాను. మాట్లాడలేదు. మర్నాడు కత్తి పడవ చేశాను. దాన్ని తీసుకుని చూరు నీళ్లలో వదిలాడు. మూడో రోజు వాడే వచ్చి, “ఇంకోటి చెయ్యన్నా” అన్నాడు. అదే వాడు నాతో అన్న మొదటి మాట. వారం తిరిగేసరికి వాడే చేయడం నేర్చుకున్నాడు.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లేముందు వాళ్లమ్మకు ఏదైనా పట్టుకెళ్తానన్నాడు. శుభలేఖ అట్టతో కార్డు చేయించాను. మడత ఒక పక్కకు జరిగింది. జిగురు ఎక్కువై పువ్వు రేకులు అంటుకుపోయాయి. నాకు నచ్చలేదు. వాడు అన్నానికి వెళ్లినప్పుడు నేను అలాంటిదే ఇంకో కార్డు చక్కగా చేసి వాడి పెట్టెలో పెట్టాను. మర్నాడు పొద్దున వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాక చూస్తే, నేను చేసిన కార్డు నా చాప మీద ఉంది. సెలవుల తర్వాత అడిగాను. “అది నువ్వు చేసింది గదన్నా. మా అమ్మకు నేను చేసింది ఇయ్యాల” అన్నాడు.

ఆ మాట నాకు చాలా నేర్పింది. హాస్టల్లో మనకు పుస్తకాలు ఇస్తారు, దుప్పటి ఇస్తారు, బట్టలు ఇస్తారు. అవి మనకు రావలసినవే, ఎవరి దయా కాదు. అయినా ప్రతిసారీ వరుసలో నిలబడి, రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకునేది మనమే. చిన్నపిల్లవాడు చేయి చాపడం తొందరగా నేర్చుకుంటాడు. ఇచ్చే అవకాశం మాత్రం వాడికి ఎక్కడా దొరకదు. జేబులో రూపాయి లేకపోయినా తన చేత్తో చేసినది ఒకరికి ఇచ్చినప్పుడు, ఆ రోజుకు వాడు ఇచ్చేవాడవుతాడు. కాగితపు బొమ్మల విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇది ఆటే కాదు, చదువు కూడా

కాగితం మడిచి బొమ్మలు చేసే కళను జపాన్‌లో ఒరిగామి అంటారు. ఒరి అంటే మడవడం, కామి అంటే కాగితం. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే విద్యావేత్త 1837లో చిన్నపిల్లల కోసం ఒక బడి పెట్టాడు. 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. కాగితం మడవడం, కత్తిరించడం, కాగితపు పట్టీలు అల్లడం ఆయన పద్ధతిలో ముఖ్యమైన పనులు.

మన దగ్గర కూడా దీనికి చరిత్ర ఉంది. టి. సుందరరావు అనే గణితవేత్త 1893లో మద్రాసులో ఇంగ్లిషులో ఒక పుస్తకం ప్రచురించాడు. కాగితపు మడతలతో రేఖాగణితం నేర్పడం దాని విషయం. తర్వాత అది అమెరికాలో కూడా అచ్చయింది. మన కాలంలో అరవింద్ గుప్తా కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగు చదివి, పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం దేశమంతటా పిల్లలకు నేర్పారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పదో తరగతి తమ్ముళ్లు ఒకటి చేసి చూడండి. కాగితంతో ఏదైనా త్రిభుజం కత్తిరించి, అన్నిటికన్నా పొడవైన భుజం కిందికి వచ్చేలా పెట్టండి. పై కొనను నిటారుగా కిందికి మడిచి ఆ భుజాన్ని తాకించండి. మిగిలిన రెండు మూలలను కూడా అదే బిందువు దగ్గరకు మడవండి. మూడు కోణాలూ పక్కపక్కన చేరి ఒక సరళకోణం అవుతాయి. మొత్తం 180 డిగ్రీలు ఎందుకో కళ్లతో చూడవచ్చు.

కావలసిన వస్తువులు

కాగితం: కొనవలసిన పని లేదు. రాసేసిన నోటుపుస్తకాలు, పాత క్యాలెండర్లు, శుభలేఖలు, వచ్చిన ఉత్తరాల కవర్లు, సబ్బు పెట్టెలు, వార్తాపత్రికలు చాలు. గట్టి అట్ట కార్డులకు, పల్చటి కాగితం మడతలకు పనికొస్తాయి.

కాగితానికి వాలు ఉంటుంది. వార్తాపత్రికను ఒక వైపు చించితే నిటారుగా చిరుగుతుంది, రెండో వైపు చించితే వంకర పోతుంది. మిల్లులో తయారయ్యేటప్పుడు కాగితంలోని పీచు ఎక్కువగా ఒకే దిశలో పరుచుకోవడం దీనికి కారణం. వాలు వెంబడి మడిస్తే మడత తేలికగా, శుభ్రంగా వస్తుంది. అట్ట మడిచినప్పుడు పగిలితే దిశ మార్చి చూడండి.

జిగురు: రెండు చెంచాల మైదాను కొద్దిగా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఒక గ్లాసు నీళ్లు పోసి, సన్నని మంట మీద కలుపుతూ ఉడికించాలి. చిక్కబడి నిగనిగలాడుతుంటే దించేయాలి. వంటగదిలో అడిగి, పెద్దవాళ్లే చేయాలి. చల్లారాక వాడుకోవచ్చు, రెండు రోజులకు పులుస్తుంది. పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చిన్నపిల్లలు చేతులు నోట్లో పెట్టుకుంటారు కనుక మనం కలపకూడదు.

కత్తెర: మొనలు గుండ్రంగా ఉన్నది ఒకటి చాలు. అదీ పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. కాగితాన్ని మడిచి గోటితో గట్టిగా రుద్ది, మడత మీద స్కేలు పెట్టి లాగితే కత్తెర లేకుండానే తిన్నగా చిరుగుతుంది.

నాలుగు కానుకలు

1. పుట గుర్తు. ఇది అన్నిటికన్నా సులువు. పాత ఉత్తరం కవరు అడుగు మూలను అడ్డంగా, మూడు వేళ్ల వెడల్పున కత్తిరించండి. రెండు పక్కలా మూసి ఉన్న చిన్న టోపీ వస్తుంది. దాని మీద కళ్లు, మీసాలు గీస్తే పిల్లి. పుస్తకంలో చదువుతున్న పేజీ మూలకు తొడగాలి. ఐదు నిమిషాల పని. మొదటి రోజు దీనితోనే మొదలుపెట్టండి.

2. లేచి నిలబడే పువ్వు. 21 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అట్టను పొడవు సగానికి వచ్చేలా మడవండి. మడత మధ్యలో, రెండు సెంటీమీటర్ల ఎడంతో, మడత వైపు నుంచి లోపలికి మూడేసి సెంటీమీటర్లు రెండు గాట్లు పెట్టండి. ఇది పెద్దవాళ్ల పని. కార్డు కొంచెం తెరిచి, గాట్ల మధ్య పట్టీని వేలితో లోపలికి తోసి మడత తిరగేయండి. కార్డు తెరిస్తే లోపల చిన్న స్టూలు లాగా లేస్తుంది. స్టూలు ముందు పలకకు, అడుగు అంచుకు సరిపెట్టి, కాగితపు పువ్వును తమ్ముడి చేత అంటింపజేయండి. పువ్వు ఏడు సెంటీమీటర్లకు మించకూడదు. మించితే కార్డు మూసినప్పుడు బయటికి పొడుచుకొస్తుంది.

3. పెన్నుల డబ్బా. వార్తాపత్రిక పేజీని నాలుగు ముక్కలు చేయండి. ఒక్కో ముక్కను సైకిల్ చువ్వ మీద బిగుతుగా చుట్టి, చివర జిగురు రాసి, చువ్వ లాగేయాలి. కాగితపు గొట్టం వస్తుంది. ఇలాంటి గొట్టాలను ఖాళీ డబ్బా ఎత్తుకు కత్తిరించి చుట్టూ నిలువుగా అంటించండి. డబ్బా అంచు పదునుగా ఉంటే వాడవద్దు. ఐదుగురు పిల్లలు తలా ఐదారు గొట్టాలు చుడితే ఒక డబ్బా పూర్తవుతుంది. వార్తాపత్రికతో చేసిన వాటిలో తినే వస్తువులు మాత్రం పెట్టకండి. అచ్చు సిరా తిండికి అంటుకుంటుంది.

4. మిగిలిన కాగితాల పుస్తకం. సంవత్సరం చివర నోటుపుస్తకాలను కిలోల లెక్కన అమ్మేస్తాం. అమ్మేముందు పిన్నులు తీసి, రెండు వైపులా ఏమీ రాయని జోడు కాగితాలను ఏరండి. అలాంటివి 12 ఒకదానిలో ఒకటి పెడితే 48 పేజీల పుస్తకం అవుతుంది. పైన క్యాలెండర్ అట్ట వేసి, నడిమి మడత మీద పైన, మధ్యలో, కింద మూడు రంధ్రాలు పొడవండి. దారాన్ని లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీసి, పై రంధ్రంలో లోపలికి, కింది రంధ్రంలో బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలో లోపలికి తేవాలి. లోపల నిలువుగా ఉన్న దారానికి అటొక కొస, ఇటొక కొస ఉంచి ముడి వేయాలి. సూది మీ చేతిలో, అట్ట మీద బొమ్మ తమ్ముడి చేతిలో ఉండాలి.

చేయించేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

ఎదురుగా కూర్చోకండి, పక్కన కూర్చోండి. ఎదురుగా ఉంటే మీ కుడి వాడికి ఎడమగా కనిపించి తికమక పడతాడు.

రెండు కాగితాలు తీసుకోండి, ఒకటి మీకు, ఒకటి వాడికి. మీ కాగితం మీద చేసి చూపించండి. వాడి కాగితం ముట్టుకోకండి. నేను చేసిన తప్పు మీరు చేయవద్దు.

మడతలకు పేర్లు పెట్టండి. సగానికి మడిస్తే పుస్తకం మడత, మూలకు మూల కలిపితే రుమాలు మడత, రెండు అంచులూ మధ్యకు వస్తే కిటికీ మడత. “కర్ణం వెంబడి మడువు” అంటే అర్థం కానివాడికి “రుమాలు మడత” అంటే వెంటనే అర్థమవుతుంది.

చాప మీద కాకుండా గచ్చు మీదో, ట్రంకుపెట్టె మూత మీదో మడత పెట్టించండి. ఒకరి దగ్గర ఐదుగురి కన్నా ఎక్కువమంది వద్దు. అరగంటకు మించి కూర్చోబెట్టకండి.

పోటీలు, బహుమతులు పెట్టకండి. బహుమతి పెడితే మళ్లీ తీసుకునేవాళ్లే అవుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. “మీ అమ్మకు చేయి” అని ఎప్పుడూ మొదలుపెట్టకండి. మన హాస్టల్లో అమ్మ లేని పిల్లలుంటారు, నాన్న లేనివాళ్లుంటారు, సెలవులకు వెళ్లడానికి ఇల్లే లేనివాళ్లుంటారు. “ఇది ఎవరికిస్తావు?” అని అడిగి ఊరుకోండి. మా బడిలో ఒక పాప పుట గుర్తు చేసి మధ్యాహ్న భోజనం వండే ఆమెకు ఇచ్చింది. ఆమెకు చదవడం రాదు. అయినా దాన్ని కొంగున ముడివేసుకుంది. మన దగ్గరా వంటమనిషి ఉన్నారు, కామాటి ఉన్నారు, రాత్రంతా మేలుకునే వాచ్‌మన్ ఉన్నారు. పిల్లలే ఎంచుకుంటారు.

వెనకాల పేరు, తారీఖు వాడి చేతే రాయించండి. అక్షరాలు తిరగబడినా దిద్దకండి.

చివరి మాట

ఆ పిల్లవాడు 2023లో బస్టాండులో కలిశాడు. గుర్తుపట్టింది వాడే. మాటల్లో ఆ కార్డు సంగతి వచ్చింది. వాళ్లమ్మ దాన్ని చాలా ఏళ్లు రేషన్ కార్డు కవరులో దాచిందట. ఒక వర్షాకాలం ఇల్లు కారి రేషన్ కార్డుతోపాటు అదీ తడిసిపోయిందట. “రేషన్ కార్డు మళ్లీ తీసుకున్నాం గానీ, దానికే బాధపడిందన్నా” అన్నాడు.

తమ్ముళ్లూ! వచ్చే ఆదివారం ఒక పాత నోటుపుస్తకం తీసుకుని చిన్నవాళ్ల మధ్య కూర్చోండి. పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఇంట్లోని పాత క్యాలెండర్లు, శుభలేఖలు, ఒక మొన లేని కత్తెర తీసుకురండి. వీలైతే ఒక గంట కూర్చుని మీకు వచ్చిన పడవో, పక్షో చిన్నవాళ్లకు నేర్పి వెళ్లండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

ఒక పూర్వ విద్యార్థి