ఢిల్లీ లేఖ: అరచేతిలోని అంగడి

లక్నోలోని నా చిరకాల మిత్రులు, హిందీ పత్రికా రచయిత ఒకరు, గత మాసంలో తమ కుమార్తె వివాహ శుభలేఖ పంపినారు. తెలుగుదేశపు చీర ఒకటి కానుకగా పంపుదునని ఎన్నడో ఆ పిల్లకు మాట ఇచ్చి ఉన్నాను. ఆ మాట నాకు జ్ఞాపకం లేకపోయినా ఆ పిల్లకు ఉన్నది.

పూర్వం ఇటువంటి సందర్భాలలో నాకు సంశయం ఉండేది కాదు. కన్నాట్ ప్లేసు చెంతనే ఉన్న బాబా ఖడక్‌సింగ్ మార్గానికి వెళ్ళేవాడిని. రాజస్థలి, గుర్జరి, మృగనయని, పూంపుహార్, కావేరి అంటూ రాష్ట్రాలు ఒకదాని ప్రక్కన ఒకటి ఎంపోరియంలు తెరిచి కూర్చున్న వీధి అది. అక్కడి ఉద్యోగులకు అమ్మవలెనన్న ఆతురత ఎన్నడూ లేదు; మోసం చేయవలెనన్న ఆతురత కూడా లేదు. 1994లో ఐ.ఎన్.ఏ. మార్కెట్టు ఎదుట దిల్లీ హాట్ వెలసిన తరువాత నేసినవారినే ఎదురుగా కూర్చోబెట్టుకొని బేరమాడే భాగ్యం కూడా కలిగింది. ఈసారి మాత్రం మోకాళ్ళు సహకరించలేదు. “నాన్నగారూ, మీరు అంగడికి వెళ్ళడమెందుకు? అంగడే మీ దగ్గరికి వస్తుంది” అని మా అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టింది.

నిజమే, వచ్చింది. పోచంపల్లి అని వ్రాయగానే వందల చీరలు తెరమీద వరుసకట్టినవి. రెండువేల చిల్లరకు ఒక ఎర్రని చీర నచ్చింది. క్రింద ‘అసలు పోచంపల్లి ఇక్కత్, చేనేత’ అని స్పష్టంగా వ్రాసి ఉన్నది. కొన్నవారు వ్రాసిన ప్రశంసలు చదివాను. ఒక నటిని ఎన్నుకొనే ఓటరు వలె, ఫోటో చూసి ఓటు వేశాను.

అయిదవ నాటికి పెట్టె వచ్చింది. మా ఇంటావిడ నల్గొండ జిల్లా ఆడపడుచు. ఆమె చీరను పైకి చూడలేదు, తిరగవేసి చూసింది. “ఇది అచ్చు వేసిన బట్ట” అని మడిచి పక్కన పెట్టింది.

ఆ తేడా తెలియని పాఠకులకు ఒక మాట. ఇక్కత్‌లో రంగు బట్టమీద పడదు, నూలుమీద పడుతుంది. దారాలను లెక్కప్రకారం చిటికి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, మరల ముంచి, ఆ తరువాతనే మగ్గమెక్కిస్తారు. అందుచేత బొమ్మ రెండువైపులా ఒకే తీరున పలుకుతుంది. దాని అంచులు గీత గీసినట్లు కాక కొద్దిగా చెదరి ఉంటాయి. ఆ చెదరుటయే దాని సంతకం. ఈ పనిలో ఆసు పోయడమనే దశ ఒక్కటే స్త్రీల భుజాలను అరగదీసేది. తల్లి పడిన ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టినారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నాకు వచ్చిన చీర వెనుకవైపు మాత్రం వెలిసిపోయిన పోస్టరులా ఉన్నది.

కంపెనీకి ఫిర్యాదు చేశాను. మర్యాదగానే జవాబు వచ్చింది. తాము అమ్మకందారులము కామనీ, అమ్మేవారికీ కొనేవారికీ మధ్య వేదిక మాత్రమేననీ దాని సారాంశం. సంతలో స్థలం అద్దెకిచ్చినవాడు వంకాయలోని పురుగుకు బాధ్యుడు కాడన్నమాట.

ఈ ‘వేదిక’ అనే మాట వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. 2012 డిసెంబరు 5న లోక్‌సభ పత్రికా గ్యాలరీ కిటకిటలాడిన రోజు నాకు బాగా గుర్తు. బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించరాదన్న తీర్మానం 218 - 253 ఓట్లతో వీగిపోయింది. అంతకు మూడు మాసాల ముందే ఈ అంశంపై మమతా బెనర్జీ యు.పి.ఎ.కు మద్దతు ఉపసంహరించుకొన్నారు. ప్రతిపక్షం నోట ఆనాడు పదేపదే వినిపించిన పేరు వాల్‌మార్ట్. దుకాణాలకు అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్రాలకు విడిచిపెట్టినారు. సమ్మతించిన వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి.

ఇంతటి రణగొణ ధ్వని వీధి తలుపును గురించి. 2014లో ప్రభుత్వం మారింది. 2016 మార్చిలో ‘ప్రెస్ నోట్ 3’ వెలువడింది. ఆన్‌లైన్‌లో వేదిక నడిపేవారికి నూరు శాతం విదేశీ పెట్టుబడి సమ్మతమే. సరుకు తామే నిల్వచేసుకొని అమ్మరాదు. 2018లో వాల్‌మార్ట్ సంస్థ 1,600 కోట్ల డాలర్లకు ఫ్లిప్‌కార్ట్‌లో సుమారు 77 శాతం వాటా కొన్నది. దీనిపై పార్లమెంటులో ఓటింగు జరుగలేదు. వర్తక సంఘాలు మొరపెట్టుకొనగా ఆ సంవత్సరాంతంలో నిబంధనలు బిగించినారు: వేదికకు వాటా ఉన్న సంస్థ ఆ వేదికమీద సరుకు అమ్మకూడదని, అవి 2019 ఫిబ్రవరి నుంచి అమలులోనికి వచ్చినవి. నా చీర ఆ నిబంధనలలో దేనినీ ఉల్లంఘించలేదు. వాటి దృష్టి సరుకు ఎవరిదన్నదానిపైననే గాని సరుకు ఏమిటన్నదానిపై లేదు.

సరుకు ఏమిటన్నది చూడవలసిన చట్టాలు వేరే ఉన్నవి. 1985 నాటి చట్టం పదకొండు రకాల వస్త్రాలను చేనేతకు కేటాయించింది; వాటిలో చీర కూడా ఒకటి. పోచంపల్లి ఇక్కత్ పేరుకు భౌగోళిక గుర్తింపు 2005 నాటికే ఉన్నది. కాని తనిఖీ చేసే అధికారి మరమగ్గాల షెడ్డుకు పోగలడు గాని నా అరచేతిలోని తెరమీదికి ఎట్లా వస్తాడు? 2019-20 చేనేత గణనలో ఈ వృత్తిలో ఉన్నవారి సంఖ్య 35.22 లక్షలు. అంతకు పదేండ్ల ముందు అది 43.31 లక్షలు. మిగిలినవారిలో అత్యధికులు స్త్రీలు. 2020 జులైలో, అప్పటివరకు ఢిల్లీలో నేతవారి మాట చెప్పుకొనేందుకు పేరుకైనా ఉన్న అఖిల భారత చేనేత బోర్డును కూడా ప్రభుత్వం రద్దుచేసింది.

ఇక పెండ్లి దగ్గరపడింది. రామకృష్ణపురంలోని తెలుగు స్త్రీలు ఫోనులో ఒక బృందం నడుపుతున్నారు. అందులోనికి భూదాన్ పోచంపల్లి ప్రాంతపు నేతపనివారొకరు చీరల ఫోటోలు పంపుతుంటారు. మా ఇంటావిడ ఆయనకు వీడియోలో ఫోను చేసింది. ఆయన మగ్గం దగ్గరనే ఉన్నారు.

“అక్కా, బట్ట ఇట్ల తిప్పి చూపిస్త, చూడుండ్రి. రెండు దిక్కుల ఒక్కతీరుగుంటది” అన్నారు. ధర నా మొదటి చీరకు అయిదింతలు. పట్టు ఎంత, రంగు ఎంత, ఎన్ని దినాల కూలి అని అడిగితే లెక్క చెప్పినారు. బేరమాడుటకు నాకు నోరు రాలేదు.

పెద్ద వేదికలమీద ఎందుకు అమ్మరని అడిగాను. “జీఎస్టీ నంబరు కావాలె సార్. లెక్కలు రాసేటోనికి పైసలియ్యాలె, నెలనెలా కాగితాలు. నేసుడెప్పుడు?” అన్నారు. ఆయన చెప్పినది పట్టుకొని నిబంధనలు తిరగవేశాను. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు, వేదికల ద్వారా సరుకు అమ్మే వ్యాపారి ఎంత చిన్నవాడైనా రిజిస్ట్రేషను తప్పనిసరి అన్నారు. 2023 అక్టోబరు 1 నుంచి చిన్నవారికి మినహాయింపు దొరికింది, కాని సొంత రాష్ట్రంలో అమ్మినంతవరకే. పోచంపల్లివారు హైదరాబాదుకు అమ్మవచ్చును, ఢిల్లీకి కూడదు. విజయవాడకు కూడా కూడదు, అది 2014 నుంచి పరరాష్ట్రం గదా! 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి పలు రాష్ట్రాలకు అమ్మే చిన్నవారికి సులభ రిజిస్ట్రేషను విధానానికి సూత్రప్రాయంగా అంగీకరించింది. సూత్రప్రాయం అనే మాటకు ఢిల్లీలో ఉన్న ఆయుర్దాయం పాఠకులకు విదితమే.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. జౌళి మంత్రిత్వశాఖ ‘ఇండియా హ్యాండ్‌మేడ్’ పేరిట దళారులు లేని అంగడిని తెరిచింది. ఒక సంస్థ వేదికలో కొనేవాడు మరొక సంస్థ వేదికలో అమ్మేవానిని చేరగల ఓ.ఎన్.డి.సి. అనే జాలం 2022లో ఢిల్లీతో సహా అయిదు నగరాలలో ప్రయోగాత్మకంగా ఆరంభమయింది. ఆలోచన మంచిదే. కాని మా నేతగారికి ఇప్పటికి అక్కరకు వచ్చినవి బృందంలోని నలభైమంది ఆడవారి నమ్మకం, ఫోనులో డబ్బు చేరవేసే యు.పి.ఐ., మన పాత తపాలా శాఖ.

చీర ఎనిమిదవ రోజున లక్నో చేరింది. పెండ్లికూతురు దానిని కట్టుకొన్న ఫోటో నాకు వచ్చింది.

మొదటి చీర మాట మరువలేదు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెలలోపల పరిష్కరించాలి. ప్రకటించిన లక్షణాలు లేని సరుకును అమ్మినవాడు వాపసు తీసుకొని తీరాలి. ఆ నిబంధనను ఉటంకిస్తూ మరల వ్రాశాను. ప్రభుత్వ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు కూడా ఫోను చేశాను. పదకొండవ రోజున డబ్బు నా ఖాతాలోనికి తిరిగి వచ్చింది, క్షమాపణతో సహా. నిన్న రాత్రి కుతూహలం కొద్దీ మరల వెదికాను. అదే ఎర్ర చీర, అదే ఫోటో, క్రింద అదే ‘అసలు పోచంపల్లి’. ధర మాత్రం మూడువందలు తగ్గించినారు.