చుట్టాలతో చేపల వేట... మాటలా?

పోయిన ఏడాది మార్చిలో ఒక రాత్రి అమెరికా నుంచి మా వదిన ఫోను. “జూన్‌లో వస్తున్నాం. ఈసారి గుళ్లూ గోపురాలూ కాదు. మీ అన్నయ్యగారూ, పిల్లాడూ హిమాలయాల్లో ఏట్లో చేపలు పడతారట. ఏర్పాట్లు నువ్వే చూడాలి” అంది.

తిరుపతి ప్రయాణమో, అన్నవరం వ్రతమో అయితే కళ్లు మూసుకుని చేసేస్తాను. ఇదేమిటి? మావారిని అడిగితే పేపర్లోంచి తలెత్తకుండా “నువ్వయితే బాగా చూస్తావు” అన్నారు. ఈ మాటకు అర్థం మీకు నేను చెప్పక్కర్లేదు కదా!

దీన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలానికి ఎర బరువు, సీసం బరువు ఉంటాయి. ఆ బరువే దారాన్ని దూరంగా లాక్కెళుతుంది. ఇందులో ఎరకు బరువే ఉండదు. చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి, ఏటిమీద ఎగిరే పురుగులా తయారుచేస్తారు. బరువంతా దారానిదే. కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే దారం గాలిలో సాగి, ఆ పురుగును నీటిమీద మెల్లగా వాలుస్తుంది. చేప నిజం పురుగనుకుని నోరు తెరుస్తుంది. పట్టిన చేపను చాలామంది తిరిగి నీళ్లలోనే వదిలేస్తారు.

మా అత్తయ్యగారిది గోదావరి ఒడ్డు. మావయ్యగారు వానపాము గుచ్చి కాలవలో గాలం వేస్తే, పడిన చేప మధ్యాహ్నానికి పులుసయ్యే ఇల్లు. ఆవిడ అంతా విని, “పట్టి వదిలేస్తారా? మరి పట్టడం దేనికే?” అన్నారు. నవ్వుకున్నాం. ఆ తరవాత ఆవిడ వేసిన ప్రశ్నకి మాత్రం నవ్వు రాలేదు.

“ఏ ఏరు?”

“తీర్థన్ అండీ. హిమాచల్‌లో.”

“అది ఎందులో కలుస్తుంది?”

“బియాస్‌లో.”

ఆవిడ చేతిలోని చిక్కుడుకాయలు పళ్లెంలో పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

మీకూ గుర్తుండే ఉంటుంది. 2014 జూన్ 8. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు మండి జిల్లాలో బియాస్ ఏట్లో రాళ్లమీద నిలబడి ఉన్నారు. పైనున్న లార్జి ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు వచ్చిపడ్డాయి. 24 మంది పిల్లలు, వాళ్లతో ఉన్న టూరు మనిషి ఒకరు కొట్టుకుపోయారు. ఆ రోజుల్లో తెలుగువాళ్ల ఇళ్లల్లో టీవీ ముందు కూర్చుని ఏడవని తల్లి లేదు. తీర్థన్ బియాస్‌లో కలిసేది ఆ లార్జి దగ్గరే.

మానేద్దాం అనుకున్నాను. మానేస్తే “మరదలికి ఒక్క పని చెబితే చెయ్యలేకపోయింది” అనే మాట. చేసి ఏదైనా జరిగితే... ఆ మాట ఊహించుకోవడానికే భయం. చివరికి అత్తయ్యగారే దారి చూపించారు. “వెళ్లండి. నేనూ వస్తాను. నా మనవడు దిగే నీళ్లు నా కళ్లతో చూడాలి.” డెబ్భై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఇక నా ప్రణాళిక అంతా మళ్లీ మొదటికి!

ఏరు ఎందుకు, ఎప్పుడు?

ఈ ట్రౌట్ చేప మనది కాదు, యూరప్‌ది. బ్రిటిష్‌వాళ్లు 1900 ప్రాంతంలో గుడ్లు తెప్పించి కాశ్మీరులో పెంచారు. అక్కణ్ణుంచి 1909లో కులూ లోయకు చేరింది. చల్లగా, జోరుగా పారే తేట నీళ్లలోనే బతుకుతుంది. మన కృష్ణా గోదావరుల్లో దొరకనిది అందుకే.

తీర్థన్ పుట్టేది గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచుకొండల్లో. 2014లోనే యునెస్కో ఆ పార్కును ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఈ ఏటిమీద విద్యుత్ ప్రాజెక్టులు రాకుండా స్థానికులు చాలాకాలం పోరాడారు. అందుకని మేం దిగే చోటికి పైన నీళ్లు వదిలే ఆనకట్ట లేదు. ఇది తెలిశాక నాకు సగం ఊపిరి వచ్చింది. మిగతా సగం ఎందుకు రాలేదంటే, ఆనకట్ట లేకపోయినా పై కొండల్లో వానపడితే ఏరు చెప్పకుండానే పెరుగుతుంది.

హిమాచల్‌లో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ట్రౌట్ వేట నిషేధం. అది గుడ్లు పెట్టే కాలం. జూలై, ఆగస్టుల్లో వరదలు. 2023 జూలైలో బియాస్ రోడ్లనూ ఇళ్లనూ ఎలా ఊడ్చుకుపోయిందో చూశాం. మిగిలినవి మార్చి నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు. అక్టోబరు నీళ్లు తేటగా ఉంటాయి గానీ, విజయదశమి నాడు మొదలై వారంపాటు సాగే కులూ దసరా ఆ రోజుల్లో పడితే గదులు దొరకడం కష్టం.

మా పిల్లాడి సెలవులు జూన్‌లో. జూన్‌లో ఎండకి మంచు కరిగి మధ్యాహ్నానికి ఏరు పొంగుతుంది. రాత్రి చలికి తగ్గి, తెల్లవారేసరికి మళ్లీ దిగుతుంది. మేం మొదట ఫోనుచేసిన ట్రావెల్స్ అతను “ఏ నెలైనా, ఏ టైమైనా ఫర్వాలేదు మేడమ్” అన్నాడు. అతన్ని వదిలేశాను. రెండో చోట ఫోనెత్తిన ఆ ఊరి గైడ్ మాత్రం, “జూన్ అయితే పొద్దున ఆరు నుంచి పదకొండు దాకే. ఆ తరవాత లక్ష ఇచ్చినా దింపను” అన్నాడు. అతన్నే ఖాయం చేశాను.

జూన్ 6, 7, 8 అనుకున్నాం. అత్తయ్యగారు కాలెండరు చూసి, “ఎనిమిదో తారీఖున వాడు ఆ నీళ్లలో దిగడానికి వీల్లేదు” అన్నారు. చాదస్తమే అనుకోండి. 3, 4, 5కి మార్చేశాను.

ముందే అడగాల్సినవి

మీ ఇంటికీ ఇలాంటి చుట్టాలు రావచ్చు. నేను కాగితంమీద రాసుకుని అడిగినవి ఇవి.

ఒకటి, లైసెన్సు. మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సు లేకుండా గాలం వెయ్యకూడదు. 40 సెంటీమీటర్ల కన్నా చిన్న ట్రౌట్‌ను తిరిగి వదిలెయ్యాలి. లైసెన్సు గైడ్ తెస్తాడా, మనం తెచ్చుకోవాలా అన్నది ముందే తేల్చుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కాగితాలు బస చేసేచోట చూపించాలి. వాటి నకళ్లు ఒక కవర్లో పెట్టుకుంటే వెతుకులాట ఉండదు.

రెండు, డబ్బు. గైడ్ ఫీజులో కర్ర, దారం, పురుగులు, జారని బూట్లు, భోజనం, లైసెన్సు... ఏవి కలిశాయో, ఏవి కలవలేదో రాయించుకోండి.

మూడు, నీళ్లు. మోకాలు దాటి దిగకూడదు. చేతికి ఊతకర్ర ఉండాలి. కొక్కెం ఎగిరివచ్చి గుచ్చుకోకుండా టోపీ, కళ్లజోడు తప్పనిసరి. జారిపడితే లేవాలని పెనుగులాడకుండా వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం వైపు పెట్టాలి. ఇది మా అమ్మాయికి వరండాలో పడుకోబెట్టి మరీ నేర్పించాడు గైడ్.

నాలుగు, ఒడ్డున కూర్చునేవాళ్లు. దీని గురించి ఎవరూ ఆలోచించరు. అత్తయ్యగారి కోసం కింది గది, మెట్లు లేని బాత్‌రూము, ఏటి ఒడ్డుదాకా నడిచే దారి అడిగాను. చేపలు పట్టేచోటు గెస్టుహౌసుకి దగ్గర్లోనే పెట్టించాను. ఆడవాళ్లం కదా, అవసరానికి గది దగ్గరుంటే ఎంత ధైర్యమో వేరే చెప్పాలా!

చండీగఢ్‌లో ఒక రాత్రి ఆగి, పొద్దున్నే బయల్దేరి, మండి దాటి, ఔట్ సొరంగంలోకి వెళ్లకుండా లార్జి వైపు మళ్లాం. ఆనకట్ట కనబడగానే అత్తయ్యగారు కారు ఆపమన్నారు. దిగలేదు. కిటికీ అద్దం దించి, చేతులు జోడించి, పెదాలు కదుపుతూ ఉండిపోయారు. వెనక సీట్లో పిల్లాడు “ఏమైంది అత్తా?” అన్నాడు గుసగుసగా. చెప్పాను. పదిహేనేళ్లవాడు, చెవుల్లో ఉన్న పాటలు తీసేసి ఏటివైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ రెండోరోజు

గెస్టుహౌసు చేరిన రాత్రే గైడ్ అందర్నీ కూర్చోబెట్టాడు. ఒడ్డున ఒక తెల్లరాయి చూపించాడు. “ఆ రాయి నడుము తడిస్తే అందరూ బయటికి. నేను విజిల్ వేస్తే కారణం అడగొద్దు.” అన్నయ్యగారితో సహా అందరం సరేనన్నాం.

రెండోరోజు పదిన్నరకి మా నెత్తిన ఎండ ఉంది. పైన కొండలమీద మాత్రం నల్లగా మబ్బు. గైడ్ విజిల్ వేశాడు. పిల్లాడు వెంటనే ఒడ్డెక్కాడు. అన్నయ్యగారు కదల్లేదు. “ఒక్క పది నిమిషాలు. చేప కనిపిస్తోంది. కొలరాడోలో ఇరవై ఏళ్లుగా పడుతున్నాను, నీళ్ల సంగతి నాకు తెలీదా?” అన్నారు.

గైడ్ పాతికేళ్లవాడు. మళ్లీ పిలిచాడు గానీ, డబ్బిచ్చే పెద్దమనిషిని గద్దించలేకపోతున్నాడు. వదిన నోరు విప్పలేదు. మావారు “పోనీలే, వస్తారులే” అన్నారు. అత్తయ్యగారు కుర్చీలోంచి నావైపే చూస్తున్నారు.

పెళ్లయిన పదహారేళ్లలో అన్నయ్యగారితో “కాఫీ తీసుకోండి” అన్న మాటకి మించి నేను మాట్లాడింది తక్కువ. అయినా లేచి నీళ్ల అంచుదాకా వెళ్లాను. “అన్నయ్యగారూ! వచ్చెయ్యండి. గైడ్ మాటే ఆఖరి మాట అని రాత్రి మీరే ఒప్పుకున్నారు. వచ్చెయ్యండి!” నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ముఖం గంటుపెట్టుకుని దారం చుట్టేసి వచ్చారు.

ప్రళయమేం రాలేదండీ. అరగంటకి నీళ్లు మట్టిరంగుకి తిరిగాయి. పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చాయి. తెల్లరాయి నడుము దాటి మునిగింది. అన్నయ్యగారు నిలబడ్డచోట మోకాళ్లకున్న నీళ్లు తొడలదాకా వచ్చి ఉండేవి. కింద నున్నటి గుండ్రాళ్లు. అంతే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. నేను అతి చేశానేమో అని అన్నం సయించలేదు. సాయంత్రం టీ తాగుతూ అన్నయ్యగారు కొడుకుతో అన్నారు: “రేపు విజిల్ వినిపించగానే నన్నూ పిలువు. నాకు చేప కనిపిస్తే చెవులు పనిచెయ్యవు.” ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే అన్నారు. అది నాకు వినబడాలనే అని నేను అనుకున్నాను.

మూడోరోజు పొద్దున పిల్లాడికి చేప పడింది. ఒళ్లంతా ఎర్రా నల్లా చుక్కలు. చెయ్యి తడుపుకుని పట్టుకోవాలట, పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటిమీది జిగురు పొర పోతుందట. నీళ్లలోనే కొక్కెం తప్పించి వదిలాడు. “బతికిందా?” అని ఒడ్డునుంచి అత్తయ్యగారు కేకేశారు. “బతికింది అమ్మమ్మా!” అని వాడూ కేకేశాడు.

ఆ రాత్రి పెంపకం ట్రౌట్ తెప్పించి, మేం తీసుకెళ్లిన కారం పట్టించి వేయించాం. అత్తయ్యగారు “పులస ముందు ఇదెంత!” అంటూనే మూడో ముక్క వేయించుకున్నారు.

మొన్న వదిన మళ్లీ ఫోను చేసింది, వచ్చే ఏడాది వస్తామని. నేను పిన్నూ కాగితమూ వెతుక్కుంటుంటే, లోపల్నుంచి అత్తయ్యగారి గొంతు. “ఈసారి అక్టోబరులో వీలవుతుందేమో అడుగు. నీళ్లు తేటగా ఉంటాయిట. ఆ గైడ్ కుర్రాణ్ణే పిలువు.”