హనుమాన్: బాయ్ వారియర్

హనుమాన్: బాయ్ వారియర్ 2009లో ప్లేస్టేషన్ 2 కొరకు సోనీ విడుదల చేసిన వీడియో గేమ్. హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ దీనిని రూపొందించినది. టీవీకి కలిపి ఆడుకొనే యంత్రాన్ని కన్సోల్ అంటారు. రాల్ఫ్ బేర్ రూపకల్పన నుండి పుట్టిన మాగ్నవాక్స్ ఒడిస్సీ (1972) గృహ కన్సోళ్ళలో మొదటిది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి కన్సోల్ ఆటగా పేర్కొనబడే ఈ గేమ్ రావడానికి మరో 37 సంవత్సరాలు పట్టినది.

ఇందులో బాలహనుమంతుని ఆటగాడు మీటలతో నడిపిస్తాడు. వివాదమూ అక్కడే పుట్టినది. దేవుడు ఆటగాని అదుపులో ఉండరాదని అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం తెలిపాడు. నిజానికి హనుమంతుని చేతితో ఆడించడం తెలుగువారికి కొత్త కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల తోలుబొమ్మలాటలో జరిగేది అదే. అయితే తోలుబొమ్మలాటలో కథ ముందే నిర్ణయమై ఉంటుంది, లంకాదహనం జరిగితీరుతుంది. వీడియో గేమ్‌లో ఆటగాడు తడబడితే హనుమంతుడే ఓడిపోతాడు.