సుగ్గి బండిలో ఒక రోజు

చైనాలో బండేసుకొని నెలల తరబడి తిరిగే ట్రావెల్ వీడియోలు మీరూ చూస్తుంటారు కదా. పోయిన వారం నేనొకటి చూస్తుంటే, పక్కన కూర్చున్న మా అమ్మ అడిగింది, "వాళ్ళు యాడికి రా, సుగ్గికా?" అని. ముందు నవ్వొచ్చింది. తర్వాత అనిపించింది, అమ్మకి తెలిసిన దూరప్రయాణం అదొక్కటే కదా అని. ఈ రోజు ఎపిసోడ్ ఆ ప్రయాణం గురించే.

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, కౌతాళం వాళ్ళకి సుగ్గి అంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. ఇది కన్నడ మాట. పంట కోసి ఇంటికి తెచ్చుకునే కాలం, ఆ సంబరం అని అర్థం. కర్ణాటక పక్కనే కాబట్టి మా మాటల్లో కలిసిపోయింది. కానీ మా దగ్గర అర్థం తిరగబడింది. వేరేవాళ్ళ పంట కోయడానికి ఊరు వదిలి పోవడాన్నే మేం సుగ్గి అంటాం.

ఎందుకు పోవాలి? తుంగభద్ర మా పక్కనుంచే పారుతుంది, దిగువ కాలువ కూడా ఉంది. అయినా చాలా పొలాలు వాన మీదే బతుకుతాయి. పత్తి, వేరుశనగ లాంటివి ఒక పంట తీస్తాం. డిసెంబరు వచ్చేసరికి పత్తి ఆదోని మార్కెట్ యార్డుకి చేరిపోతుంది, ఇక చేలో పనుండదు. సరిగ్గా అప్పుడే గుంటూరు, పల్నాడు వైపు మిరప పండుతుంది. మిరపకాయలన్నీ ఒకేసారి ఎర్రబడవు. పండినవి పండినట్టు మూడు నాలుగు విడతలు చేత్తోనే కోయాలి. అందుకే అక్కడ మనుషులు కావాలి, ఇక్కడ పని కావాలి.

ఇప్పుడు ఆ రోజు సంగతి. అప్పుడు నేను ఏడో తరగతి. తెల్లవారుజామున మూడింటికి బొలెరో వచ్చింది, సరుకులేసే బండి. ముందు బియ్యం మూటలు, గిన్నెలు, టార్పాలిన్లు, బొంతలు ఎక్కించారు. వాటి మీద మేం. మా ముఠా మేస్త్రీ తల లెక్క పెట్టుకున్నాడు, ఎందుకంటే అడ్వాన్సు ఇచ్చింది తలకింత అని. మా అవ్వ దిగువన నిలబడి, "అబ్బయ్యా, అంచున కూర్చోవాకు" అని మూడుసార్లు చెప్పింది. నేను అంచునే కూర్చున్నా, ఇంకెక్కడా చోటు లేదు.

కర్నూలు దాటేసరికి ఎండొచ్చింది. రాత్రిపూట నల్లమల రోడ్డు మూసేస్తారు కాబట్టి పగలే ఆత్మకూరు దాటాలని డ్రైవర్ తొందర. అడవిలో మాత్రం చల్లగా ఉంది, ఆ కాసేపు పిక్నిక్ లాగే అనిపించింది, అబద్ధం ఎందుకు. దోర్నాల దాటాక చెట్టు కింద ఆపి, జొన్నరొట్టె, గురెళ్ల కారం తిన్నాం. మిరపకాయల దేశానికి పోతూ కారం కట్టుకొని పోయేది మేమే అనుకుంటా. వినుకొండ వైపు దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయా. చీకటి పడ్డాక చేను గట్టున దించారు. 300 కిలోమీటర్లకు పైనే ప్రయాణం, దానికి కూలి లేదు.

అప్పట్లో తెలీనిది ఒకటి చెప్తా. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టప్రకారం తప్పు. బండి బోల్తా పడితే ఇన్సూరెన్స్ రావడం చాలా కష్టం. ఆదోనిలో రైలెక్కి, గుంతకల్లులో మారితే నంద్యాల, మార్కాపురం మీదుగా గుంటూరు లైను ఉంది. కానీ మూటలతో, ముసలోళ్ళతో మారడం కష్టమని, స్టేషన్ నుంచి చేను దాకా మళ్ళీ బండి కావాలని ఎవరూ ఎక్కరు. అదీ నిజమే.

చైనాలో కూడా ఇలాంటిదే ఉంది. దాన్ని చున్‌యున్ అంటారు. వాళ్ళ కొత్త సంవత్సరం చుట్టూ 40 రోజులు, నగరాల్లో పనిచేసే కూలీలంతా ఊళ్ళకి తిరిగొచ్చే ప్రయాణం. వాళ్ళకి హుకోవు అనే నివాస నమోదు ఉంటుంది. అది సొంతూర్లో ఉంటే నగరంలో పిల్లల్ని బడిలో వేయడం కష్టం, అందుకే చాలామంది పిల్లలు అవ్వతాతల దగ్గరే పెరుగుతారు. మనకి హుకోవు లేదు. రేషన్ కార్డు అక్కడి షాపులోనూ పనిచేస్తుంది. కానీ బడి మధ్యలో ఆగిపోవడం మాత్రం అదే. నేను వెనక్కొచ్చేసరికి ఏప్రిల్. లెక్కల్లో పోయింది ఇప్పటికీ అందలేదు.

మా చెల్లి ఈ ఏడాది పదో తరగతి. పరీక్షలు మార్చిలో, మిరప కోతలూ అప్పుడే. ముగ్గురు కోస్తే అడ్వాన్సు తొందరగా తీరుతుందని నాయన లెక్క. రెండు రాత్రులు ఇంట్లో గొడవయింది. చివరికి నేనే హెడ్‌మాస్టర్‌ని అడిగా. సుగ్గికి పోయినవాళ్ళ పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ పెడతారు కదా, మా ఊళ్ళో ఉందా అని. పేరు రాసుకున్నారు. మీ ఊళ్ళోనూ బండి రాకముందే అడగండి.

సోమవారం బండి వస్తుంది. చెల్లి బదులు నేను ఎక్కుతున్నా. ఈసారి ఫోన్ ఉంది, దారంతా షూట్ చేస్తా. చార్జింగ్ ఉన్నంతవరకే లెండి. నెక్స్ట్ ఎపిసోడ్ చేను గట్టు నుంచే. ఉంటా మరి.