తూటా మోత పక్కన కాపురం

పల్నాడు అనగానే ఎవరికైనా నాగమ్మ, బ్రహ్మనాయుడు, కోడిపందేలు గుర్తుకొస్తాయి. ఇక్కడ కాపురం చేసే ఆడవాళ్ళకి మాత్రం ముందు గుర్తొచ్చేది రాయే. వాకిట్లో పరిచేది మాచర్ల నాపరాయి. గోడకి కొట్టే సున్నం పిడుగురాళ్ళది. 1958లో మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు ఫ్యాక్టరీ మొదలైంది. తర్వాత దాచేపల్లి వైపు మరికొన్ని వచ్చాయి. వీటన్నిటికీ సున్నపురాయి కావాలి. ఆ రాయి కదలాలంటే క్వారీలో తూటా పేలాలి.

ఒకప్పుడు క్వారీ ఎక్కడో ఊరికి దూరాన ఉండేది. ఇప్పుడు ఊరే పెరిగి దాని దగ్గరకి వెళ్తోంది. చేలల్లో ప్లాట్ల రాళ్ళు పాతుతున్నారు, ఇళ్ళు లేస్తున్నాయి. అక్కడినుంచి మొదలవుతుంది గొడవ. "మేం ముందునుంచీ ఉన్నాం, మీరొచ్చి మా పక్కన కట్టుకున్నారు" అంటారు క్వారీవాళ్ళు. "చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు, గోడలు బీటలిస్తున్నాయి" అంటారు ఇళ్ళవాళ్ళు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. క్వారీ మూసేయమనడం తేలికే. కానీ క్వారీల్లో, సున్నపు బట్టీల్లో కూలికి వెళ్ళేవాళ్ళలో మన ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పొయ్యి వెలగాలి కదా! అలాగని ముందొచ్చినవాళ్ళు ఎలా పేల్చినా చెల్లుతుందనీ కాదు.

తుపాకీ కాల్చడం నేర్పే చోట్లదీ ఇదే తంతు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా నార్తామలై దగ్గర అలాంటి రేంజి ఉండేది. 2021 డిసెంబరు 30న అక్కడినుంచి వచ్చిన గుండు, ఇంటి దగ్గరున్న 11 ఏళ్ళ పిల్లవాడి తలకి తగిలింది. నాలుగు రోజులకి ఆ బిడ్డ చనిపోయాడు. గుండు తగిలాకగానీ అక్కడ కాల్పులు ఆపించలేదు. ప్రాణం పోయేదాకా ఎదురుచూడకూడదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

గిన్నెలు ఎందుకు గలగలలాడతాయి?

రాతిలో వరసగా బెజ్జాలు వేసి, మందు కూరి, పైన మట్టి దట్టిస్తారు. పేలినప్పుడు రెండు వస్తాయి. ఒకటి నేలలోంచి వచ్చే అదురు, రెండోది గాలిలోంచి వచ్చే తోపు. స్టాండు మీద గిన్నెలు, కిటికీ అద్దాలు ఎక్కువగా ఈ గాలి తోపుకే అదురుతాయి. మట్టి సరిగా దట్టించకపోతే మోతా ఎక్కువే, రాళ్ళూ ఎగిరిపడతాయి. మందంతా ఒక్కసారే పేల్చకుండా, బెజ్జానికీ బెజ్జానికీ కన్నుమూసి తెరిచేలోపు తేడా ఉండేట్టు పేలిస్తే అదురు బాగా తగ్గుతుంది. అంటే రాయి ఆగక్కర్లేదు, పద్ధతి మారితే చాలు.

దీనికి హద్దు కూడా ఉంది. గనుల భద్రతా డైరెక్టరేటు 1997లో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, క్వారీ యజమానివి కాని ఇళ్ళ దగ్గర నేల అదిరే వేగం సెకనుకి 5 నుంచి 15 మిల్లీమీటర్లు దాటకూడదు. అదురు ఎంత నెమ్మదిగా ఊగితే హద్దు అంత తక్కువ. దీన్ని యంత్రంతో కొలుస్తారు. 2000 సంవత్సరపు శబ్ద నియమాల్లో ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని ఉంది. కానీ అది సగటు లెక్క. క్షణంలో అయిపోయే తూటా మోతకి సరిగ్గా అతకదు. కాబట్టి అదురు లెక్క అడగడమే మేలు.

స్థలం కొనేముందు

చీటీ పాడిన డబ్బు, తాకట్టు పెట్టిన గాజులు కలిపి కొనే స్థలం. ఆదివారం వెళ్ళి చూసొస్తే చాలదు. పనిరోజున, మధ్యాహ్నం వేళ ఓ రెండుసార్లు వెళ్ళండి. చుట్టుపక్కల ఇళ్ళ ఆడవాళ్ళని పలకరించండి, ఉన్నమాట వాళ్ళే చెప్తారు. లేఅవుటుకి అనుమతి ఉందో లేదో చూడండి. దగ్గర్లో క్వారీ లీజు ఎక్కడిదాకా ఉందో, ఇంకెన్నేళ్ళుందో గనుల శాఖ ఆఫీసులో అడిగించండి. ఇవాళ దూరంగా ఉన్న గుంట రేపు మన ప్రహరీ దాకా రావచ్చు.

ఇప్పటికే అక్కడ ఉంటుంటే

* ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ రోజు, ఎన్ని గంటలకి పేలింది, సైరన్ మోగిందా, రాళ్ళు పడ్డాయా రాయండి.

* గోడ బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. బీట మీద అడ్డంగా సన్నని సిమెంటు పట్టీ వేయించండి. పట్టీ పగిలితే బీట పెరుగుతున్నట్టే. అయితే నల్లరేగడి నేలలో కట్టిన ఇళ్ళు తూటా లేకపోయినా బీటలిస్తాయి. అందుకే తేదీలు ముఖ్యం.

* సైరన్ వినగానే పిల్లల్ని లోపలికి పిలవండి. ఆవకాయ జాడీలు, అద్దం సామాను అలమర అంచున పెట్టకండి.

* నలుగురు కలిసి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. నకలు గనుల శాఖకీ, కాలుష్య నియంత్రణ మండలికీ పంపండి.

అర్జీలో "మూసేయండి" అని కాకుండా, "అదురు మా ఇంటి దగ్గర కొలవండి, పేల్చే వేళ ముందుగా చెప్పండి, పిల్లలు పడుకునే వేళ వద్దు" అని అడగండి. ఇలా అడిగితే కాదనడానికి వాళ్ళ దగ్గర సాకు ఉండదు. రాయి తీసేవాళ్ళూ బతకాలి, ఆ పక్కన చంటిబిడ్డా నిద్రపోవాలి.