పెట్రోలులో మునిగిన పంపు
చాలా ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. దాని మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. పెట్రోలులో కరెంటు అంటే భయం సహజం. కానీ గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. మూసిన ట్యాంకులో మామూలుగా అంతకు మించే ఉంటుంది. మూత తెరిచినప్పుడే అసలు ప్రమాదం.

మామూలు ఫ్యూయల్ హోస్, లోపల పెట్రోలు పారితే తట్టుకుంటుంది, అందులోనే మునిగితే బయటి పొర పాడవుతుంది. ట్యాంకు లోపల ఎస్‌ఏఈ జె30ఆర్10 రకం గొట్టమే వాడాలి. తీగలకు టెఫ్లాన్ వంటి తొడుగు, పంపు మూత దగ్గర ఆవిరి బయటికి రాని కనెక్టరు, బయట సరైన ఫ్యూజు, రిలే ఉండాలి. ఇంజను ఆగితే పంపూ ఆగాలి. పంపు విప్పేముందు లైనులో ప్రెషరు తీసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, బాగా గాలి ఆడే చోటే పని మొదలుపెట్టాలి.