15 ఆల్బమ్‌లకు 5 జీబీ చాలు: పింక్ ఫ్లాయిడ్ లాస్‌లెస్ లెక్క

బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ స్టూడియో ఆల్బమ్‌లు మొత్తం 15. మొదటిది 1967 నాటి ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’, చివరిది 2014లో వచ్చిన ‘ది ఎండ్‌లెస్ రివర్’. ఆపకుండా వింటే దాదాపు 13 గంటలు పడుతుంది. ఇదంతా నాణ్యత తగ్గకుండా దాచుకోవాలంటే ఎంత చోటు కావాలి?

సీడీలో సెకను ధ్వనికి 44,100 శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు ఛానళ్లు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు, అంటే నిమిషానికి 10.6 ఎంబీ. ఈ లెక్కన 13 గంటలకు 8 జీబీ దాటుతుంది. ఫ్లాక్ ఫార్మాట్ దీన్ని సాధారణంగా సగం నుంచి 70 శాతం మధ్యకు కుదిస్తుంది కాబట్టి 5 జీబీ దగ్గర తేలుతుంది. సూట్‌కేసులో బట్టలు మడిచి సర్దినట్టే ఇది. విప్పితే ఒక్క చొక్కా తగ్గదు. 320 కేబీపీఎస్ ఎంపీ3కి 1.9 జీబీ సరిపోతుంది గానీ, చెవి పట్టదనుకున్న వివరాలను అది తీసేస్తుంది. పోయినవి మళ్లీ రావు.

ఈ బృందం విషయంలో మరో చిక్కుంది. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973)లో ‘స్పీక్ టు మీ’ చివరి కేక నేరుగా ‘బ్రీద్’లోకి దూకుతుంది. ఎంపీ3 ధ్వనిని 1,152 శాంపిళ్ల ముక్కలుగా కోస్తుంది. ఆఖరి ముక్క నిండకపోతే మిగిలిన చోటును నిశ్శబ్దంతో పూడుస్తుంది. ప్లేయర్ దాన్ని సరిచేయకపోతే సరిగ్గా ఆ కేక దగ్గరే పాట తెగినట్టు వినిపిస్తుంది. ఫ్లాక్‌లో ఈ అతుకు ఉండదు.

మరి హై-రెస్ సంగతి? 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ ఫైలుకు సెకనుకు 46,08,000 బిట్లు. కుదించక ముందు మొత్తం 27 జీబీ. కానీ మనిషి చెవికి పైహద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్; సీడీ 22 దాకా మోస్తుంది. అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య 16 బిట్లకే 96 డెసిబెల్స్ వ్యాప్తి దొరుకుతుంది. అదనపు బిట్లతో ఎక్కువ పని స్టూడియోలోనే.

చెవికి స్పష్టంగా తెలిసే తేడా ఎడిషన్ల మధ్య ఉంటుంది. ‘యానిమల్స్’ (1977)కు 2018లో చేసిన కొత్త మిక్స్ 2022లో విడుదలైంది. ‘ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్’ (1987)ను 2019లో రీమిక్స్ చేసినప్పుడు బృందం డ్రమ్మర్ నిక్ మేసన్ తన డ్రమ్స్ మళ్లీ వాయించాడు. కీబోర్డిస్టు రిక్ రైట్ వాటా పెంచారు. ‘పైపర్’ మోనో, స్టీరియో మిక్స్‌లు రెండూ 2007 ఎడిషన్‌లో ఉన్నాయి. వీటిలో ఏ రెండూ ఒకలా వినిపించవు. కాబట్టి ఫోల్డర్ పేరులో ఆల్బమ్‌తో పాటు ఎడిషన్ సంవత్సరం కూడా రాసుకోవాలి.

ఫైలు పేరు చివర ఫ్లాక్ అని ఉన్నంత మాత్రాన నమ్మేయకూడదు. ధ్వనిలోని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్‌లో 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ధ్వని ఆగిపోతే, అది ఎంపీ3 నుంచి మార్చిన ఫైలేమోనని అనుమానించాలి. సొంత సీడీ నుంచి తీసుకున్న ఫైలుకు ఆ బెంగ లేదు. హై-రెస్‌కు పెట్టే డబ్బుతో, నచ్చిన ఆల్బమ్‌కు ఇంకో ఎడిషన్ సీడీ కొనడమే లాభం.